పత్రిక వచ్చే రోజు

ఉద్యోగం దిగిపోయిన రెండో నెలలో ఒకరోజు పొద్దున్నే పాస్‌బుక్కు చంకన పెట్టుకుని బ్యాంకుకి బయల్దేరాను. గుమ్మం దిగుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "ఇవాళ ఆదివారమండీ" అంది. ముప్ఫై నాలుగేళ్ళు బడిగంటకి లేచి బడిగంటకి కూర్చున్న మనిషిని. ఆదివారం ఎప్పుడొచ్చిందో తెలియని రోజొకటి వస్తుందని ఎవరన్నా అంటే నవ్వేవాణ్ణి. ఆ ఏడాదంతా వారంలో నాకు ఆనవాలు దొరికిన రోజు గురువారం ఒక్కటే. ఆరోజు పేపరబ్బాయి దినపత్రిక మడతలో వారపత్రిక దోపి విసిరేవాడు. రోజూ 'టప్'మని పడేది గురువారం మాత్రం 'ధబ్'మనేది. ఆ చప్పుడుకి ఇద్దరం లేచేవాళ్ళం. ఎవరు ముందు అందుకుంటే సీరియల్ ముందు వాళ్ళది.

రిటైరైనవాళ్ళు పత్రికలు కాగితం మీద చదవడం మంచిదా, తెర మీద చదవడం మంచిదా అన్న మాట నలుగురు పెన్షనర్లు కూడిన ప్రతిచోటా వస్తోంది. కంటికి ఏది హాయి, జేబుకి ఏది తేలిక, బుర్రకి ఏది ఎక్కుతుంది అని మూడు దారుల్లో సాగుతుంది వాదన. మూడింటి గురించీ చెప్పుకోదగ్గ సంగతులున్నాయి. వాటికి ముందు నాకు తోచింది చెప్పేస్తాను. మనవాళ్ళు కాగితం పోయిందని అంటున్నారు గానీ, అసలు బెంగ గురువారం పోయిందని. వారపత్రిక ఒక రోజున వచ్చేది, రెండు మూడు రోజుల్లో అయిపోయేది. ఫోన్లో వచ్చేది రోజంతా వస్తూనే ఉంటుంది, ఎంత చదివినా అయిపోదు.

ఇప్పుడు రిటైరవుతున్నవాళ్ళు ఎవరో ఒకసారి లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. అంటే ఈమధ్య కుర్చీ ఖాళీ చేసినవాళ్ళు చాలామంది 1960 ప్రాంతంలో పుట్టినవాళ్ళు, వాళ్ళకి పదేళ్ళ ముందు దిగినవాళ్ళు 1950 ప్రాంతం వాళ్ళు. వీళ్ళకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికే ఇంట్లోనో పక్కింట్లోనో చందమామ ఉంది. 1947 జులైలో మొదలైన చందమామ అప్పటికి వయసులో ఉంది. యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వస్తున్నప్పుడు అక్కయ్యలు లాక్కుని చదువుతుంటే చూసినవాళ్ళు వీళ్ళు. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో నడుస్తుంటే కాలేజీ హాస్టల్లో రాత్రిపూట ఒంటరిగా బయటికి వెళ్ళడానికి భయపడ్డవాళ్ళూ వీళ్ళే. 1970లో మాసపత్రికగా మొదలైన స్వాతి 1984లో వారపత్రికగానూ వచ్చింది. 1978లో విపుల, చతుర పుట్టాయి. చతురైతే నెలకో నవల మొత్తం ఒకే సంచికలో ఇచ్చేది, సీరియల్‌కి ఓపిక లేనివాళ్ళకి అది వరం. కథ పక్కన బాపు బొమ్మ, అట్ట మీద వడ్డాది పాపయ్య బొమ్మ. బొమ్మలో పిల్ల ముఖం చూసి కథలో పిల్ల గుణం ఊహించుకోవడం ఆ తరానికి అలవాటు.

ఇలా పెరిగినవాళ్ళకి పత్రిక చదవడంలో సగం పని ఎదురుచూడడమే. 'సశేషం' అన్న మాట దగ్గర వారం పాటు ఆగేవాళ్ళు. ఆ ఆగిన వారంలో కథ ఇంట్లో తిరిగేది. వంట చేస్తూ, నీళ్ళు పడుతూ, వాడు ఆ పిల్లని చేసుకుంటాడా చేసుకోడా అని తగువులాడుకునేవాళ్ళు. చదవడం అయిపోయాక సీరియల్ పేజీలు పిన్నులు ఊడదీసి విడిగా తీసేవాళ్ళు. ఏడాది తిరిగాక వాటిని వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురుతో అట్ట అంటించేవాళ్ళు. మా ఆవిడ పుట్టింటినించి తెచ్చుకున్న సామానులో అలాంటి బైండ్లు ఏడున్నాయి. ఒకదాంట్లో పదిహేడో భాగం లేదు. ఆ వారం పత్రిక వాళ్ళ చిన్నాన్న రైల్లో మర్చిపోయాట్ట. నలభై ఏళ్ళుగా ఆ కథ పదహారు నుంచి పద్దెనిమిదికి గెంతుతోంది. మధ్యలో ఒక పెళ్ళి తప్పిపోయింది, ఎందుకు తప్పిందో తెలీదు.

ఇక్కడ ఒక మాట. రిటైర్మెంటు రిటైర్మెంటు అంటున్నాం గానీ, అది నెలజీతం ఉన్నవాళ్ళ మాట. తెలుగు వారపత్రికల్ని పోషించిన పాఠకుల్లో పెద్ద వాటా ఇంటి పట్టున ఉన్న ఆడవాళ్ళది. వాళ్ళకి విరమణ ఎప్పుడొచ్చింది? మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా, అంట్లు తోమడం అయ్యాక, పిల్లలు బడినుంచి వచ్చేలోపు దొరికేదే వాళ్ళ విరామం. ఆ రెండు గంటల్లో చాప మీద పక్కకి తిరిగి పడుకుని, మోచేయి మడిచి తలకింద పెట్టుకుని చదివేవాళ్ళు. వారపత్రిక సైజూ బరువూ ఆ పడకకి అచ్చంగా సరిపోయేవి, ఒంటిచేత్తో పట్టుకోవచ్చు, నిద్రొస్తే ముఖం మీద పడ్డా దెబ్బ తగలదు. ఇప్పుడు అదే భంగిమలో ఫోను ముఖం మీద పడితే ఏమవుతుందో అనుభవించినవాళ్ళకి తెలుసు.

ఆ రెండు గంటల్నీ ఫోను మింగేసిందనడం అన్యాయం. ఫోను రావడానికి చాలా ముందే పోయాయవి. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. కొన్నేళ్ళలోనే మధ్యాహ్నాలు, సాయంత్రాలు డైలీ సీరియళ్ళ పాలయ్యాయి. 'సశేషం' అక్కడికి మారింది, వారానికోసారి కాకుండా రోజూ. వారపత్రికల్లో నవలా సీరియళ్ళు వెనకబడి, ఒక పేజీ కథలు, జాతకాలు, వైద్య సలహాలు, వంటలు ముందుకొచ్చాయి. ఆ లెక్కన స్మార్ట్‌ఫోను వచ్చేనాటికి వారపత్రిక అప్పటికే ఒక పక్షవాతం నుంచి కోలుకున్న రోగి. మా పెన్షనర్లు ఈ వరస మర్చిపోయి నేరమంతా మనవడి చేతిలో ఫోను మీదికి నెడుతుంటారు.

రెండో దెబ్బ 2020లో తగిలింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే రైళ్ళు, బస్సులు ఆగాయి. పత్రికల కట్టలు ఊరూరికీ చేరేది వాటి మీదే. రైల్వేస్టేషన్ బుక్‌స్టాళ్ళు మూతపడ్డాయి. కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో ఇళ్ళవాళ్ళు పేపరే వద్దన్నారు, పేపరబ్బాయిలు సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. ఆంధ్రభూమి దినపత్రికా వారపత్రికా అచ్చు ఆగిపోయాయి. నవ్య వారపత్రిక ఆగింది. విపుల, చతుర కొన్నాళ్ళు తెర మీద మాత్రమే కనిపించి 2021లో పూర్తిగా ఆగాయి, వాటితోపాటే బాలభారతం, 2012లో మొదలైన తెలుగు వెలుగు. న్యూస్‌ప్రింట్ సంగతి వేరే ఉంది. దిగుమతి కాగితం మీద 2019 బడ్జెట్‌లో పది శాతం సుంకం వేశారు, గోల పెడితే మరుసటేడు ఐదుకి తగ్గించారు. తర్వాత ఉక్రెయిన్ యుద్ధంతో కాగితం ధర మళ్ళీ పైకెక్కింది. ప్రకటనలు టీవీకీ ఫోనుకీ వలసపోయాక, ఉన్న భారమంతా పాఠకుడి జేబు మీద పడింది. పాఠకుడేమో పెన్షనరు.

చందాల కథ చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. రిటైరైన నెలలో చేతికి డబ్బొస్తుంది, మనసులో సాహిత్యం మీద పాత ప్రేమ లేస్తుంది. నేనూ ఆ ఊపులో ఒక చిన్న సాహిత్య పత్రికకి జీవిత చందా కట్టాను. జీవిత చందా అంటే నా జీవితమనే అనుకున్నాను. రెండేళ్ళకి తెలిసింది, పత్రిక జీవితమని! ఫోను చేస్తే సంపాదకుడుగారు చాలా మర్యాదగా, "ఏం చెయ్యమంటారు మాస్టారూ, నేను కూడా రిటైరయ్యాను" అన్నారు. ఆయన్ని ఏమనగలం? మన చిన్న పత్రికలు చాలావరకు పెన్షనర్లు నడిపేవి, పెన్షనర్లు రాసేవి, పెన్షనర్లు చదివేవి. తపాలాశాఖ వాళ్ళని చాలాకాలం ఆదుకుంది. రిజిస్టరైన పత్రికకి యాభై గ్రాముల దాకా పావలా తపాలా ఖర్చు. పావలా నాణెం 2011 జూన్‌తో చెల్లకుండా పోయినా, పావలా రేటు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి బతికింది. అయితే అంత చవగ్గా వచ్చిన పత్రిక ఎప్పుడొస్తుందో పోస్ట్‌మ్యాన్‌కే తెలియాలి. ఉగాది సంచిక శ్రీరామనవమికి వస్తే త్వరగా వచ్చినట్టు.

ఇక కళ్ళ సంగతి. చత్వారం అని మనకో చక్కని మాట ఉంది. నలభై దాటాక దగ్గరి వస్తువు మసకబారడం. అరవైకి దానికి తోడు శుక్లాలు వస్తాయి. శుక్లం వచ్చిన కంటికి కావలసింది అక్షరం పెద్దదవడం ఒక్కటే కాదు, అక్షరానికీ కాగితానికీ మధ్య నలుపు తెలుపు తేడా బాగా తెలియడం. వారపత్రికల్లో వాడే చవక కాగితం కొత్తగా ఉన్నప్పుడే బూడిదరంగు, నెలకి పసుపు. దాని మీద వెనక పేజీ సిరా ఇవతలికి కనిపిస్తుంటే చదవడం చత్వారం ఉన్నవాడికి కుస్తీయే.

మన లిపి ఈ కుస్తీని ఇంకాస్త కష్టం చేస్తుంది. 'ద'లో ఒక చుక్క, కింద ఒక గీత చేరితే 'థ', గీత ఒక్కటే ఉంటే 'ధ'. 'ప' పొట్టకింద గీత వస్తే 'ఫ', పొట్టలో గీత వస్తే 'ష'. పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు పక్కన మరో వత్తు. 'రాష్ట్రం' అన్న మాటని చిన్న టైపులో వేస్తే 'ష' కింద ఉన్న రెండు వత్తులూ కలిసి సిరా మరకవుతాయి. అలవాటున్న మాట గనక ఊహతో చదివేస్తాం. పేరో ఊరో అయితే ఆగిపోతాం. మా నాన్నగారు ఆఖరి రోజుల్లో భూతద్దంతో చదివేవారు. భూతద్దం కింద ఒకేసారి మూడు మాటలు పడేవి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి, విసుక్కుని, "చదివి పెట్టరా" అనేవారు.

ఇక్కడే తెర గెలుస్తుంది, నిజం ఒప్పుకోవాలి. 2013లో జర్మనీలో మైన్‌జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మరికొందరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. కుర్రవాళ్ళనీ, 60 నుంచి 77 ఏళ్ళ మధ్య పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి కాగితం మీద, వెనక వెలుగు లేని ఈ-రీడర్ మీద, వెలుగున్న ట్యాబ్లెట్ మీద చదివించారు. కంటి చూపు ఒక్కో చోట ఎంతసేపు ఆగుతోందో, మెదడు ఎంత కష్టపడుతోందో యంత్రాలతో కొలిచారు. కుర్రవాళ్ళకి మూడింటి మధ్యా తేడా లేదు. పెద్దవాళ్ళు ట్యాబ్లెట్ మీద తక్కువ శ్రమతో చదివారు, అక్షరానికి వెనకనించి వెలుగు తోడవడం వల్ల కాబోలు. అర్థమైనదాంట్లో మూడింటికీ తేడా రాలేదు. తమాషా ఏమిటంటే, ఏది హాయిగా ఉందని అడిగితే మాత్రం చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ కాగితమే అన్నారు. ఒళ్ళు ఒకటి చెబుతోంది, నోరు ఇంకోటి చెబుతోంది. ఇది చదివినప్పుడు నాకు మా పెన్షనర్ల సభలు కళ్ళముందు కదిలాయి. వేదికెక్కి కాగితం వాసన గురించి కన్నీళ్ళు పెట్టుకుని, కిందికి దిగి కళ్ళజోడు పైకి నెట్టి ఫోన్లో ఈ-పేపర్ తెరిచేవాళ్ళం మేం.

అయితే ఆ జర్మన్ ట్యాబ్లెట్‌లో ఉన్నది పొందికగా పేర్చిన పాఠం. మన తెలుగు పత్రికలు తెర మీదికి వచ్చిన తీరు వేరు. చాలావాటికి డిజిటల్ సంచిక అంటే అచ్చుపేజీకి ఫొటో. మూడు కాలాల పేజీని అరచేతంత తెరలో ఇరికిస్తారు. మా వీధి చివర ఒక రిటైర్డ్ తహసీల్దారుగారు ఉన్నారు. ఆయన రెండు వేళ్ళతో పేజీని పెద్దది చేస్తారు. వాక్యం కుడివైపు తెర దాటిపోతుంది. వేలితో ఎడమకి లాగుతారు, వాక్యం అయిపోయాక మళ్ళీ కుడికి, ఒక గీత కిందికి. చూస్తుంటే పొలం దున్నుతున్నట్టే ఉంటుంది, చాలు చివరిదాకా వెళ్ళి నాగలి తిప్పుకుని రావడం. నాలుగు చాళ్ళు దున్నేసరికి వేలు జారుతుంది, పేజీ ఎగిరి ప్రకటన మీద పడుతుంది. అది నొక్కుకుని ఇంకేదో తెరుచుకుంటుంది. "ఏరా, ఇది ఎక్కడికి పోయింది?" అని మనవణ్ణి పిలుస్తారు. వాడు చూడకుండానే వెనక్కి తెచ్చి వెళ్ళిపోతాడు. ఆయన అది ఎలా తెచ్చాడో అడగరు, వాడు చెప్పడు.

యూనికోడ్‌లో పెట్టిన పాఠమైతే ఈ బాధ లేదు. అక్షరం పెంచితే వాక్యం తనంత తానే తెర వెడల్పుకి సర్దుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. ముప్ఫై ఏళ్ళు దాటినా మన పెద్ద పత్రికల పేజీలు ఇంకా ఫొటోలుగానే వస్తున్నాయంటే, వయసుమళ్ళిన కళ్ళవాళ్ళని పాఠకులుగా ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. వెలుగు చిమ్మకుండా కాగితంలా కనిపించే ఈ-ఇంక్ పరికరాలు కంటికి ఇంకా మంచివని డాక్టర్లు కాకపోయినా కొనుక్కున్నవాళ్ళు చెబుతారు. అక్కడా మనకి అదృష్టం లేదు. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు.

బుర్రకి ఏది ఎక్కుతుందన్న ప్రశ్న మీద ప్రపంచంలో బోలెడు పరిశోధన జరిగింది, ఎక్కువగా విద్యార్థుల మీద. 2018లో కొందరు పరిశోధకులు అలాంటి 54 అధ్యయనాల్ని, అంటే లక్షా డెబ్భై వేలమందికి పైగా పాఠకుల ఫలితాల్ని, ఒక్కచోట చేర్చి చూశారు. సమాచారం చదివేటప్పుడు, అందులోనూ టైము పెట్టి చదివించినప్పుడు, కాగితమే కాస్త మెరుగని తేలింది. కథలు చదివితే తేడా కనిపించలేదు. దీన్ని మా వయసుకి తెచ్చి అతికించడం కష్టమే. మాకు టైము పెట్టేవాళ్ళెవరు? పైగా మేం చదివేవి సగం కథలు. మరునాడు వంటింట్లో చెప్పుకోవాల్సినంత గుర్తుంటే మాకు చాలు.

పత్రికా ప్రియులకి కాస్త చేదు గుళిక ఒకటుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో, యాభై దాటిన 3,635 మందిని పన్నెండేళ్ళపాటు గమనించిన లెక్కలు బయటపెట్టారు. పుస్తకాలు చదివేవాళ్ళకి, చదవనివాళ్ళతో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే అవకాశం ఇరవై శాతం తక్కువగా ఉంది. పత్రికలు చదివేవాళ్ళకి అంత లాభం కనబళ్ళేదు. చదవడం వల్ల బతికారా, బతికే ఓపికున్నవాళ్ళే చదివారా అన్నది వేరే ప్రశ్న. మా ఆవిడకి ఈ సంగతి చెబితే, "అయితే నా బైండ్లు పుస్తకాలా, పత్రికలా?" అంది. యేల్‌వాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

అదే అమెరికాలో ఇంకో వింత. అన్నిటికంటే ఎక్కువ కాపీలు పోయే పత్రిక ఫ్యాషన్‌దో సినిమాదో కాదు, యాభై దాటినవాళ్ళ సంఘం ఏఏఆర్‌పీ వేసే పత్రిక, రెండు కోట్ల పైచిలుకు. అది దుకాణంలో అమ్ముడుపోయే సరుకు కాదు, సభ్యత్వంతోపాటు ఇంటికొచ్చే హక్కు. మన పెన్షనర్ల సంఘాలూ బులెటిన్లు వేస్తాయి. వాటినిండా డీఏ జీవోలు, బకాయిల లెక్కలు, శ్రద్ధాంజలి ఫొటోలు. కథ లేదు, కార్టూన్ లేదు. లక్షలమంది సభ్యులున్న సంఘాలకి తమ సభ్యులు చదువరులన్న సంగతి తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

అమెరికా అంటే గుర్తొచ్చింది. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి రావడం ఇప్పుడు తెలుగు రిటైర్మెంట్‌లో ఒక అధ్యాయం. అక్కడ పొద్దున కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు బడికి పోయాక, కారు నడపడం రాని మనిషికి ఆ ఇల్లు అద్దాల జైలు. అక్కడే నేను మొదటిసారి తెరమీద మనసుపెట్టి చదివాను. 1998 నుంచి నడుస్తున్న ఈమాట, 2007లో కిరణ్ ప్రభ గారు కాలిఫోర్నియా నుంచి మొదలెట్టిన కౌముది, రెండూ అక్కడివాళ్ళు పెంచినవే. కౌముది ప్రతి నెలా మొదట్లో వస్తుంది, అచ్చుపత్రికలాగే అట్ట బొమ్మతో, విషయసూచికతో, సీరియళ్ళతో. డల్లాస్‌లో ఆ నాలుగు గోడల మధ్య ఒకటో తారీఖు నాకు మళ్ళీ 'ధబ్'మని పడింది. తెర అయితేనేం, వచ్చే రోజంటూ ఉంది, ఆఖరి పేజీ అంటూ ఉంది. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పాత సంచికల విషయంలో డిజిటల్‌కి పోటీయే లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మొదలెట్టి, 1991 దాకా నడిచిన 'భారతి' సంచికల్ని మా చిన్నప్పుడు చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళాల్సి వచ్చేది, కార్డు రాసి, ముందే అనుమతి అడిగి. ఇప్పుడు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ప్రతులు, ఔత్సాహికులు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతులు మంచం మీద పడుకుని తెరవొచ్చు. పాత చందమామలూ దొరుకుతున్నాయి. రిటైరైన తెలుగువాడు తెరమీద చదివేదాంట్లో చాలా భాగం కొత్త సరుకు కాదని నా గమనిక. తన పదో ఏటి పత్రికని అరవయ్యో ఏట మళ్ళీ చదువుకుంటున్నాడు. పత్రికలవాళ్ళు దీన్ని కొత్త పాఠకులు దొరికారని లెక్కవేసుకుంటే పొరపాటు.

వాట్సాప్ సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. పొద్దున ఐదున్నరకి మా గ్రూపులో ఎవరో ఒక పుణ్యాత్ముడు దినపత్రికలన్నీ, వారానికోసారి వారపత్రికలూ పీడీఎఫ్‌లుగా పడేస్తాడు. డెబ్భైమంది దండం బొమ్మ పెడతారు. ఆ డెబ్భైలో తెరిచేది పదిమంది, కథ దాకా చదివేది ఇద్దరు. డబ్బు కట్టేది ఎవరూ లేరు. జీవితమంతా ఆఫీసు పెన్ను ఇంటికి తేలేదని చెప్పుకునే పెద్దమనుషులం. 'పత్రికలు మూసేస్తున్నారండీ, తెలుగు ఏమైపోతుందో' అని అదే గ్రూపులో సాయంత్రం బాధపడతాం.

లైబ్రరీ ఉంది కదా అంటారేమో. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం 1960 నాటిది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఇప్పటికీ కడుతున్నాం, రెండు రాష్ట్రాల్లోనూ. మా ఇంటి నుంచి నడిచివెళ్ళేంత దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయంలో ఒకప్పుడు పొద్దున ఎనిమిదింటికి తలుపు తియ్యకముందే నలుగురైదుగురు పెన్షనర్లు గట్టు మీద కూర్చుని ఉండేవారు. వారపత్రికకి వరస ఉండేది, "తమరయ్యాక నాకు" అని కళ్ళతోనే చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడా బల్లల మీద గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలు. హైదరాబాద్ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలోనైతే వాళ్ళకే చోటు చాలడం లేదు. వాళ్ళని లేపి మనం కథ చదువుకుంటామా? పత్రికల బల్ల గోడవారకి జరిగింది, దానిమీద దినపత్రికలు మిగిలాయి. నేను వెళ్ళి నిలబడి చదివి వచ్చేస్తాను.

కళ్ళు పూర్తిగా మొరాయించినవాళ్ళకి ఇప్పుడు చెవులున్నాయి. కిరణ్ ప్రభ గారి టాక్ షోలు, దాసుభాషితం లాంటి శ్రవణ పుస్తకాలు, ఫోనే చదివిపెట్టే తెలుగు గొంతు. ఆ గొంతు 'డా.' చూసి 'డా చుక్క' అంటుంది, అయినా మా నాన్నగారుంటే దాన్ని నాకంటే ఓర్పుగల కొడుకనేవారు.

మొన్న సంక్రాంతికి ముందు ఒక మధ్యాహ్నం పాత సంచికల స్కాన్లు తిరగేస్తుంటే మా ఆవిడ బైండులో లేని పదిహేడో భాగం కనబడింది. ఆ వారం, ఆ పత్రికే. ఆమెకి చెప్పకుండా పెన్‌డ్రైవులో వేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళాను. నాలుగు పేజీలు. కాగితం వారపత్రిక కంటే పెద్దది, అంచులు కత్తిరించమన్నాను. షాపు కుర్రాడు కొలిచి కత్తిరిస్తూ, "ఇది ఏ పరీక్షకి సార్?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. రోజంతా వాడి చేతిమీదుగా పోయేవి అవే.

ఇంటికొచ్చి బైండు తీసి, పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య ఆ తెల్లకాగితాలు పెట్టాను. మిగతావన్నీ మగ్గిన అరిటాకు రంగులో ఉంటే ఇవి మాత్రం మెరుస్తున్నాయి. మా ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, చాప వేసుకుని, పక్కకి తిరిగి పడుకుంది. చాలాసేపు పేజీ తిరగలేదు. చూస్తే ఆమె చదువుతున్నది కథ కాదు. నాలుగో పేజీ కింద మూలన సబ్బు ప్రకటన పక్కన 'వచ్చేవారం' అని ఒక బాక్సు, పద్దెనిమిదో భాగంలో ఏం జరగబోతోందో రెండు ముక్కల్లో ఊరిస్తూ. "పద్దెనిమిదిలో ఏం జరిగిందో నాకు తెలుసు కదండీ, అయినా చూడండీ" అంటూ ఆ బాక్సు నాకు చదివి వినిపించింది.